నైరాల్లో జీతమిస్తామంటే నైజీరియా వెళ్లొచ్చా?

అడిగిన తమ్ముడిది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. వయసు 24, ఐటీఐ ఫిట్టర్, భోగాపురం విమానాశ్రయం పనుల్లో రెండేళ్లు ఫైర్ పైపింగ్ చేశాడట. నైజీరియాలో లాగోస్ దగ్గర ఒక ఫ్యాక్టరీకి పైప్ ఫిట్టర్లు కావాలని, నెలకు 9 లక్షల నైరాలు (అక్కడి డబ్బు) జీతమని, తిండీ గదీ ఫ్రీ అని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. 1.80 లక్షల రూపాయలు కట్టమంటున్నారు. ఆ దేశంలో డబ్బు విలువ పడిపోయిందని, ధరలు మండిపోతున్నాయని వీడియోల్లో చూసి, ‘అలాంటి దేశానికి పని కోసం ఎవరైనా వెళ్తారా, నేనే పిచ్చోడిలా ఆలోచిస్తున్నానా’ అని అడిగాడు. వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను తమ్ముడూ, ఏమనుకోకు.

ముందే చెప్పేస్తాను: నైజీరియా వెళ్లొచ్చు. ఈ కాగితం పట్టుకుని మాత్రం వెళ్లకు. జీతం డాలర్లలో రాసి, అందులో పెద్ద భాగం నేరుగా ఇండియాలో నీ ఖాతాలో పడేలా కాంట్రాక్టు మార్చి ఇస్తే ఆలోచించు. మొత్తం నైరాల్లోనే ఇస్తామంటే 9 లక్షలు కాదు, 15 లక్షలన్నా వద్దను. 1.80 లక్షలు మాత్రం వాళ్లు ఏం చెప్పినా కట్టకు. ఎందుకో కింద రాస్తాను.

నాది కంచిలి వైపు. నేను ఏజెంటుని కాను, ఎవరినీ ఎక్కడికీ పంపను. 2006లో సింగపూర్ షిప్‌యార్డులో హెల్పర్‌గా మొదలుపెట్టి, తర్వాత సౌదీలో ఫిట్టర్‌గా, చివరికి నైజీరియాలో పైపింగ్ ఫోర్‌మన్‌గా చేసి 2023 చివర్లో ఇంటికొచ్చేశాను. ఇందులో రెండుసార్లు, నేనున్న చోట డబ్బు కష్టాలు మొదలైనప్పుడు అక్కడే ఉన్నాను. ఒకసారి మునిగాను, ఒకసారి బయటపడ్డాను. రెండుసార్లూ నేను అదే మనిషిని, అదే పని. తేడా అంతా జీతం ఎక్కడి నుంచి, ఏ డబ్బులో వస్తుందన్న దాంట్లో ఉంది.

ముందు నైరా సంగతి. ప్రెసిడెంట్ టినుబు 2023 మే 29న పదవిలోకొచ్చాడు. ఆ రోజే పెట్రోలు సబ్సిడీ తీసేస్తున్నామన్నాడు. లీటరు 190 నైరాల ప్రాంతంలో ఉన్నది వారం తిరక్కుండా 500 దగ్గరకి పోయింది. జూన్ మధ్యలో నైరాని మార్కెట్‌కి వదిలేశారు. అప్పటిదాకా డాలరుకు 465 నైరాల వరకూ ఉన్న అధికారిక రేటు, మరుసటి ఏడాది ఫిబ్రవరికి 1,500 దాటింది. వార్తల్లో ఇది ఒక అంకె. క్యాంపులో ఎలా ఉంటుందో చెబుతాను.

మా పక్క గదిలో బొబ్బిలి కుర్రాడు ఒకడు ఉండేవాడు, ఎలక్ట్రీషియన్. వేరే కాంట్రాక్టరు కింద 4 లక్షల నైరాల జీతానికి వచ్చాడు. 2023 మొదట్లో అధికారిక రేటుకు పంపిస్తే అది 860 డాలర్లు, మన రూపాయల్లో డెబ్భై వేల పైమాట. ఊళ్లో వాళ్లమ్మ చీటీ కట్టుకుంది, చెల్లికి సంబంధాలు చూడటం మొదలుపెట్టింది. 2024 జనవరిలో కంపెనీ వాడికి పది శాతం ఇంక్రిమెంటు కూడా ఇచ్చింది, 4.40 లక్షలయింది. ఫిబ్రవరిలో పంపితే ఇంట్లో చేతికొచ్చింది 24 వేలు. వాళ్లమ్మ ఫోన్ చేసి, ‘జీతం తగ్గించేసినారేటిరా, ఏటి తప్పు చేసినావు?’ అని అడిగిందట. నేను అప్పటికి ఊరొచ్చేశాను. వాడు నాకు వాట్సాప్‌లో ఆ మాట చెప్పి, ‘ఆవిడకి ఏం చెప్పాలన్నా, జీతం పెరిగిందని చెప్పనా?’ అన్నాడు. వాడికి జవాబు చెప్పలేకపోయాను.

అదే క్యాంపు, అదే మెస్సు, అదే నైజీరియా. నాకు మాత్రం రూపాయి కూడా తగ్గలేదు. నా కాంట్రాక్టులో జీతం డాలర్లలో ఉంది. నెలాఖరుకు ఎన్ని డాలర్లయితే అన్ని డాలర్లకీ ఆ రోజు రేటు కట్టి, సోంపేట బ్రాంచిలో నా ఖాతాలో రూపాయలు పడేవి. అక్కడ చేతి ఖర్చులకి మాత్రం కొంత నైరాల్లో ఇచ్చేవారు. ఆ చేతి ఖర్చు కరిగిపోయింది, నిజమే. నెలంతా వచ్చే సబ్బులూ సిమ్ రీఛార్జీ పదిహేను రోజులకే అయిపోయేవి. జీతం మాత్రం కరగలేదు. విదేశీ నిపుణుల్ని తెచ్చుకునే పెద్ద కంపెనీలు చాలావరకు ఇలాగే ఇస్తాయి, దాన్ని ‘హోమ్ శాలరీ’ అంటారు. అడిగితే కొత్తగా అనుకోరు. ‘అలాంటిది లేదు’ అని నీ ఏజెంటు అంటే, నిన్ను పంపేది ఆ పెద్ద కంపెనీకి కాదు, దాని కింద నలుగురి తర్వాత ఉన్న సప్లై కంపెనీకి అని అర్థం.

‘డాలర్లలోనే ఇస్తారంట, కానీ అక్కడి బ్యాంకులో వేస్తారంట’ అని కొందరు ఊరుకుంటారు. అదీ చాలదు. లెబనాన్‌లో ఏమైందో చూడు. అక్కడ 1997 నుంచి డాలరుకు సుమారు 1,507 పౌండ్లని రేటు కట్టిపెట్టారు. 2019లో బ్యాంకులు జనం దాచుకున్న డాలర్లని బయటికి ఇవ్వడం మానేశాయి. ఖాతాలో డాలర్లే కనిపిస్తాయి, తీసుకోబోతే రావు. జనం వాటికి ‘లోలార్’ అని పేరు పెట్టి వెక్కిరించారు. అధికారిక రేటు 2023లో 15,000కి, తర్వాత 89,500కి చేరింది. 2020లో అయితే కొందరు యజమానులు జీతాలివ్వలేక, ఇళ్లలో పనిచేసే ఇథియోపియా ఆడవాళ్లని తీసుకొచ్చి బీరూట్‌లో వాళ్ల కాన్సులేట్ బయట రోడ్డు మీద దింపేసి పోయారు. కాబట్టి డాలర్లు అని రాస్తే చాలదు. అవి ఏ దేశం బ్యాంకులో పడతాయన్నదీ కాగితం మీద ఉండాలి.

నైజీరియాలో కూడా డాలరు బయటికి రావడమే కష్టమైన రోజులున్నాయి. ఎమిరేట్స్ వాళ్లు టికెట్లమ్మిన డబ్బు దేశం దాటించుకోలేక 2022లో లాగోస్ విమానాలు ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టింది 2024 అక్టోబరులో. అంత పెద్ద విమాన సంస్థ డబ్బే బయటికి రాకపోతే, కవిటి కుర్రాడి 9 లక్షల నైరాలు ఏ బ్యాంకు మేనేజరు ముందుగా పంపిస్తాడు?

నోట్ల కరువు సంగతి కూడా చెప్పాలి. 2023 మొదట్లో పాత నోట్లు మార్చే హడావుడిలో చేతిలో నగదు లేకుండా పోయింది. మన నోట్ల రద్దు గుర్తుందా, అచ్చం అలాగే. గేటు బయట గొడుగు కింద కార్డు గీకి నగదిచ్చే పీఓఎస్ మెషీను పెట్టుకుని కూర్చునే అమ్మాయి, పది వేల నైరాలు కావాలంటే రెండు వేలు కమీషను తీసుకునేది. మా డ్రైవరు జీతం బ్యాంకులో పడింది, చేతికి రాలేదు. మూడు రోజులు మా మెస్సులోనే తిన్నాడు. ఊళ్లో పరిస్థితి ఇంత ఘోరంగా ఉన్నా సైటులో పని ఒక్క రోజు ఆగలేదు. సంక్షోభంలో ఉన్న దేశంలో కూడా కొన్ని పనులు ఆగవు. ఆ ఆగని పనులేవో తెలుసుకుని అక్కడికే వెళ్లాలి.

ఆ ప్రాజెక్టుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో అడుగు. చమురు, గ్యాసు, గనులు, ఓడరేవు, ఎరువుల ఫ్యాక్టరీ లాంటివి సరుకో సేవో బయటి దేశాలవాళ్లకి అమ్ముకుంటాయి, చేతికి డాలర్లొస్తాయి. లాగోస్ పక్కన లెక్కీలో రోజుకు 6.5 లక్షల పీపాల చమురు శుద్ధిచేసే డాంగోటే రిఫైనరీ కట్టింది ఈ కష్టకాలంలోనే. మన భారతీయులు వేలల్లో పనిచేశారక్కడ. అదే లోపలి జనానికి సబ్బులో, బిస్కెట్లో, మందులో అమ్మే ఫ్యాక్టరీ అయితే దానికి వచ్చేది నైరా, ముడిసరుకు కొనాల్సింది డాలర్లతో. అలా నలిగే కదా 2023లో జీఎస్‌కే, ప్రాక్టర్ అండ్ గాంబుల్ లాంటి కంపెనీలు కూడా అక్కడ వ్యాపారం మూసేస్తున్నామనో, తయారీ ఆపేస్తున్నామనో చెప్పింది. నువ్వు ‘ఒక ఫ్యాక్టరీ’ అని మాత్రమే రాశావు. ఏం తయారుచేసే ఫ్యాక్టరీ? అది తెలియకుండా సంతకం పెట్టకు.

ప్రభుత్వం కట్టించే రోడ్లూ ఆసుపత్రుల పనులైతే ఇంకా జాగ్రత్త. ఖజానా ఎండినప్పుడు ముందు ఆగేది కాంట్రాక్టరు బిల్లులే. అది నా నెత్తిన పడింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నేను 2012 నుంచి సౌదీలో ఉన్నాను. 2014 మధ్యలో పీపా వంద డాలర్ల పైన ఉన్న చమురు 2016 జనవరికి ముప్ఫై కంటే కిందికి పోయింది. మాకు ఆ ధర తెలియదు. మా ఫోర్‌మన్‌కీ తెలియదు. మాకు తెలిసింది ఒక్కటే, 2015 చివర్లో ఒకరోజు ఓవర్‌టైమ్ (ఓటీ) ఆపేశారు. అందరం సంతోషించాం కూడా, ఆరింటికే గదికి రావచ్చని. తర్వాత సెలవు మీద ఇంటికెళ్లేవాళ్లకి ఇవ్వాల్సిన లీవ్ శాలరీ ‘వచ్చాక ఇస్తాం’ అన్నారు. తర్వాత బస్సుల్లో ఏసీ పాడైతే బాగుచేయించలేదు. తర్వాత ఇకామాలు, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్లు, రెన్యువల్ కాలేదు. ఇకామా డేటు దాటితే బ్యాంకు కార్డు పనిచేయదు, ఆసుపత్రికి వెళ్లలేవు, రోడ్డు మీద పోలీసు ఆపితే కథ అయిపోయినట్టే. అన్నిటి తర్వాత జీతం ఆగింది. మెస్సు ఆగింది అందరికంటే చివర.

ఈ వరుస గుర్తుపెట్టుకో: ఓటీ, లీవ్ శాలరీ, బండ్లు, ఇకామా, జీతం, మెస్సు. ఏ దేశంలోనైనా కంపెనీ ఇలాగే మునుగుతుంది. మొదటి మూడూ చూసినప్పుడే నేను బయల్దేరి ఉంటే నా డబ్బులు నాకు దక్కేవి. ‘ఈ నెల కాకపోతే వచ్చే నెల వేస్తారులే’ అని ఏడు నెలలు కూర్చున్నాను.

క్యాంపు గేటు పక్కన ఒక మలబారీ ఆయన బకాలా, అంటే కిరాణా కొట్టు, ఉండేది. గళ్ల లుంగీ, కళ్లద్దాలకి తాడు. మెస్సు ఆగాక ఆయన దగ్గర ఖాతా పెట్టుకున్నాం. నీలం అట్ట నోటుబుక్కు, పేజీకి ఒకడు, పైన పేరు బదులు కంపెనీ నంబరు. ఖుబ్బూస్ రొట్టెలు రెండు ప్యాకెట్లు, టమాటా డబ్బా ఒకటి, గుడ్లు ఆరు. ఇలా రోజూ మలయాళంలో రాసుకుంటాడు, పక్కన అంకె మాత్రం మనకి అర్థమవుతుంది. అందరి పేజీలూ నిండుతున్నాయి, ఎవడూ కట్టట్లేదు. అయినా ఒక్కరోజు లేదనలేదు. 2016 జూలైలో, సౌదీలో పది వేల మందికి పైగా భారతీయులు తిండి లేక ఇబ్బందిపడుతున్నారని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ గారు చెప్పాకే ఇక్కడ మనవాళ్లకి సంగతి తెలిసింది. మంత్రి వీకే సింగ్ వచ్చారు, సౌదీ ప్రభుత్వం దేశం వదిలి వెళ్లడానికి ఎగ్జిట్‌లు ఇచ్చింది. నేనూ అలాగే వచ్చేశాను. వచ్చేరోజు నా పేజీలో 340 రియాల్స్ బాకీ. రైస్ కుక్కరు ఆయనకిచ్చేశాను, డబ్బు ఏడాది తర్వాత ఒక కుర్రాడి చేత పంపించాను. కంపెనీ నుంచి నాకు రావాల్సిన ఏడు నెలల జీతం ఈరోజుకీ రాలేదు.

రాకపోవడానికి సగం తప్పు నాది కూడా. విమానం ఎక్కే తొందరలో కాగితాలేవీ పెట్టుకోలేదు. నా రూమ్‌మేట్, మందస వైపు వాడు, టైమ్‌షీట్లన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకున్నాడు. వచ్చేముందు ఎంబసీ వాళ్ల దగ్గర తన బకాయి ఎంతో రాసి, తన తరఫున అడగడానికి అధికారమిస్తున్నట్టు సంతకం చేసి వచ్చాడు. కొన్నేళ్లకి వాడికి కొంత వచ్చింది. పూర్తిగా రాలేదనుకో, కానీ తుఫానులో పోయిన ఇంటి పైకప్పు వేయించుకున్నాడు.

అందుకే ఇప్పుడు ఎవరికైనా చెప్పే మాట: రెండు నెలలు వరుసగా జీతం ఆగితే మూడో నెల మొదట్లోనే ఇంటికి రావడానికి ఏర్పాటు చూసుకో. వెనక్కి టికెట్ డబ్బులు, ఒక అరవై డెబ్భై వేలు, ఇంట్లో ఎవరూ ముట్టకుండా ఇండియా ఖాతాలో ఉంచి వెళ్లు. అప్పువాళ్లు అడిగినా, గృహప్రవేశమొచ్చినా అది తీయకూడదు. కాంట్రాక్టు, పాస్‌పోర్టు, వీసా, జీతం మెసేజీలు, టైమ్‌షీట్లు నెలనెలా ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపించేయి. క్యాంపులో ఫోన్ పోతే అన్నీ పోతాయి.

ఇప్పుడు ఆ 1.80 లక్షల సంగతి.

మన ఎమిగ్రేషన్ చట్టం 1983 నాటిది. దాని ప్రకారం ఏ దేశానికి పనివాళ్లని పంపాలన్నా ఏజెంటుకి కేంద్ర విదేశాంగ శాఖ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్టరైన ఏజెంటు నీ దగ్గర తీసుకోగలిగిన ఫీజు గరిష్ఠంగా 30 వేలు, దానిపైన 18 శాతం జీఎస్టీ. కలిపి 35,400. దానికీ రసీదు ఇవ్వాలి. సోంపేట, పలాస, ఇచ్ఛాపురాల్లో బోర్డులు పెట్టుకున్న చాలామంది సబ్ ఏజెంట్లే, వాళ్లకి ఆ రిజిస్ట్రేషన్ ఉండదు. ‘ముంబైలో మా హెడ్డాఫీసుకి ఉంది’ అంటారు. ఆ నంబరు అడుగు. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే లైసెన్సు నడుస్తోందా, రద్దయిందా కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ లేని ఏజెంట్ల జాబితా కూడా ప్రభుత్వమే పెడుతుంది. తర్వాత ఆ ముంబై ఆఫీసుకి నువ్వే ఫోన్ చేసి, ఈ పని మీరే ఇస్తున్నారా అని కనుక్కో. నాకు తెలిసి ఇద్దరు కుర్రాళ్ల డబ్బు ఈ ఒక్క ఫోన్‌తో మిగిలింది.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. గల్ఫ్ దేశాలు, మలేషియా, ఇరాక్, లెబనాన్ వంటి 18 దేశాలకు పదో తరగతి పాసవ్వనివాళ్లు వెళ్లాలంటే ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఆ వంకతో కాంట్రాక్టుని ఒక ఆఫీసరు ఒకసారైనా చూస్తాడు. నైజీరియా ఆ 18లో లేదు. నువ్వు టెన్త్ పాసయ్యావు కాబట్టి నీ పాస్‌పోర్టు మీద ‘క్లియరెన్స్ కావాలి’ అనే ముద్ర కూడా ఉండదు. అంటే నీ కాగితాల్ని చూసే ఆఫీసరు ఎవరూ లేరు. ఏజెంట్లు ‘నైజీరియాకి ఏ తలనొప్పీ లేదు, డైరెక్ట్‌గా ఎక్కేయడమే’ అని దాన్నే గొప్పగా చెబుతారు. తలనొప్పి వాళ్లకి లేదు.

అప్పు లెక్క కూడా చూడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 1.80 లక్షలు తెస్తే నెలకు 5,400 వడ్డీకే పోతుంది. 9 లక్షల నైరాలు డాలరు 1,500 లెక్కన 600 డాలర్లు, యాభై వేల రూపాయల చుట్టుపక్కల. రేటు ఇలాగే ఉంటే ఏదో గట్టెక్కుతావు. నైరా ఇంకో సగం పడితే పాతిక వేలు. అది మన మూలపేట పోర్టు పనుల్లోనో, విశాఖలోనో ఓటీతో కలిపి తెచ్చుకోవచ్చు, ఆదివారం ఇంటికొచ్చి అమ్మ చేతి కూర తినొచ్చు. అప్పు మాత్రం రూపాయల్లోనే ఉంటుంది, అది సగానికి పడదు.

వీసా విషయం. నైజీరియాలో విదేశీయుణ్ణి పనిలో పెట్టుకోవాలంటే కంపెనీకి ‘ఎక్స్‌పాట్రియేట్ కోటా’ ఉండాలి. ఆ కోటా మీద ఎస్‌టీఆర్ అనే ఉద్యోగ వీసా తీసి, అక్కడికెళ్లాక సెర్పాక్ అనే నివాస కార్డు చేయిస్తారు. అది ఉంటేనే నువ్వు అక్కడ ఉద్యోగివి. ‘ముందు బిజినెస్ వీసా మీద వచ్చేయ్, తర్వాత మార్చుతాం’ అంటే వద్దు. ఆ వీసాతో పనిచేయకూడదు, దొరికితే నువ్వే దోషివి. జీతం ఎగ్గొట్టినా నోరెత్తలేవు.

ఆరోగ్యం. యెల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో వేయించుకుని పసుపు పుస్తకం తీసుకో. వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, కాబట్టి టికెట్‌కి ముందు వారం పరుగులు పెట్టకు. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెట్టేస్తారు. మలేరియా అక్కడ మన జలుబులా వస్తుంది. నాకు మూడో నెలలో వచ్చింది, రెండు రోజులు బలహీనత అనుకుని పనికెళ్లి మూడో రోజు స్కాఫోల్డింగ్ మీద కళ్లు తిరిగాయి. జ్వరమనిపిస్తే ఆరోజే టెస్టు. ఇంటికొచ్చాక జ్వరమొచ్చినా డాక్టరుకి మొదటి మాటగా ‘ఆఫ్రికా నుంచి వచ్చాను’ అని చెప్పు.

ఇంకోటి, కిడ్నీ జబ్బులెక్కువైన మన ఉద్దానం వాళ్లకి మాత్రమే చెప్పాల్సింది. ఎవరికీ రూపాయి కట్టకముందే నీ సొంత డబ్బుతో క్రియాటినిన్ పరీక్ష చేయించుకో, పలాసలో కిడ్నీ ఆసుపత్రే ఉందిగా. డబ్బంతా కట్టాక మెడికల్‌లో ఫెయిలై వెనక్కొచ్చిన కుర్రాళ్లని చూశాను, ఆ డబ్బు ఏ ఏజెంటూ తిరిగివ్వలేదు. అన్నీ బాగున్నా ఎండలో పనిచేసే చోట నీళ్లు లెక్కపెట్టి తాగాలి, ఒళ్లు నొప్పులకి మాత్రలు పిడికెడు మింగకూడదు.

భద్రత గురించి భయపెట్టను, దాచను కూడా. డబ్బు కోసం మనుషుల్ని ఎత్తుకుపోవడం అక్కడ ఉంది. క్యాంపు కాంపౌండు లోపల ఉండాలి, రాకపోకలు కంపెనీ బండిలో, చీకటి పడ్డాక రోడ్డు ప్రయాణం వద్దు. నాలుగేళ్లలో నేను బజారుకి వెళ్లింది పదిసార్లుంటుందేమో. గేటు బయట నోట్లు మార్చే ‘అబోకీ’లు బ్యాంకు కంటే మంచి రేటు ఇస్తామని పిలుస్తారు. మా వాళ్లలో ఒకడు ఆశపడి వెళ్లి, లెక్కపెట్టుకుని వచ్చిన కట్టలో మధ్య నోట్లన్నీ చిన్నవని గదికొచ్చాక తెలుసుకున్నాడు.

ఏదైనా జరిగితే అబూజాలో మన హైకమిషన్ ఉంది, లాగోస్‌లో దాని ఆఫీసుంది. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో నీ బదులు ఇంట్లోవాళ్లు ఇక్కడి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. మరీ దిక్కులేని స్థితిలో తిరుగు టికెట్‌కి సంక్షేమ నిధి నుంచి సాయం అందే వీలుంది. ఎంబసీ నీ జీతం కట్టదు, కంపెనీతో మాట్లాడుతుంది, అంతవరకే. మన ఏపీఎన్‌ఆర్‌టీ (విదేశాల్లోని ఆంధ్రుల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ) వాళ్ల ప్రవాసాంధ్ర భరోసా బీమా కూడా వెళ్లేముందు కట్టుకో, ఖరీదేమీ కాదు.

మరి నీ ఏజెంటుని ఏం అడగాలి? నేనైతే ఎదురుగా కూర్చుని ఇలా అడుగుతాను. జీతం ఏ కరెన్సీలో, ఏ దేశం ఖాతాలో? కంపెనీ పేరేంటి, సంతకం పెట్టేది ఆ కంపెనీయా, సప్లయరా? ఏం తయారుచేస్తారు, ఎవరికి అమ్ముతారు? వీసా ఏ రకం? ఆగిపోతే తిరుగు టికెట్ ఎవరిది? ఆఖరిది ముఖ్యం: అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న మనవాడి నంబరు ఒకటివ్వండి. ఆ నంబరుకి రాత్రి తొమ్మిది దాటాక, వాడు గదిలో ఉన్నప్పుడు ఫోన్ చెయ్యి. ‘జీతం బాగుందా’ అని అడగకు, బాగుందనే అంటాడు, పక్కన ఎవరున్నారో తెలియదు. గత ఆరు నెలల్లో జీతం ఏయే తేదీల్లో పడిందో అడుగు. ఓటీ నడుస్తోందా, మొన్న సెలవుకెళ్లినవాడికి లీవ్ శాలరీ ఇచ్చారా అని అడుగు. ఈ మూడింటికీ తడుముకోకుండా చెబితే కంపెనీ బాగున్నట్టే.

నంబరు ఇవ్వమంటే ఏజెంటు కోప్పడితే లేచి వచ్చేయి. ‘రేపే లాస్ట్ డేట్, ఇంకా ఇద్దరున్నారు’ అంటాడు. ఇరవై ఏళ్ల నుంచీ ఆ ఇద్దరు అలాగే ఉన్నారు.

నీకున్న అనుభవానికి ఇంకో మాట. ఫైర్ పైపింగ్ రెండేళ్లంటే మొదలు బాగుంది, కానీ రిఫైనరీ పైపింగ్‌లో ఐసోమెట్రిక్ డ్రాయింగ్ చూసి సొంతంగా స్పూల్ (పైపు ముక్కలు కలిపి చేసే భాగం) కట్టగలిగితేనే హోమ్ శాలరీ ఇచ్చే కంపెనీలు పిలుస్తాయి. ఒక ఏడాది విశాఖలోనో, పారాదీప్‌లోనో, జామ్‌నగర్‌లోనో షట్‌డౌన్ పనులు (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు) చెయ్యి. మూడు షట్‌డౌన్‌ల సర్టిఫికెట్లతో గాజువాకలో ట్రేడ్ టెస్టుకి వెళ్తే నీ రేటు వేరు. అప్పుడు డాలర్లలో ఇవ్వమని నువ్వు అడగక్కర్లేదు, కాగితంలోనే ఉంటుంది.

ఆఫర్ లెటరు చేతిలో ఉంటే నీ పేరు, పాస్‌పోర్టు నంబరు కనిపించకుండా చెరిపేసి జీతం పేజీ ఒక్కటి ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను. ఈ నెలంతా తోటలో జీడిపిక్కల పని, పగలు ఫోన్ చూడను. రాత్రి తొమ్మిది తర్వాత జవాబిస్తాను.